ఇంటి కాగితాల్లో నీళ్ళ కాగితం ఏదీ?

ఇల్లు కొనేవాళ్ళు ఈ రోజుల్లో ఎన్ని చూస్తారో గమనించండి. ఈసీ తీయిస్తారు. లింకు డాక్యుమెంట్లన్నీ లాయరు చేత చదివిస్తారు. తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ (తుడా) అప్రూవల్ ఉందా లేదా అని నలుగురిని అడుగుతారు. వాస్తు సిద్ధాంతిని పిలిపించి బోరు ఈశాన్యం మూల పడిందో లేదో కొలిపిస్తారు. ఇంతా చేసి, ఆ బోరులోంచి వచ్చే నీళ్ళలో ఏముందని అడిగిన మనిషిని తిరుపతిలో నేనింతవరకు చూడలేదు. ఆ నీళ్ళతోనే అన్నం వండుకుంటారు, ఆ నీళ్ళే పసిబిడ్డకు పడతారు. నన్ను బాధపెట్టేది ఇదే.

నేను చంద్రగిరి పక్కన స్వర్ణముఖి ఒడ్డు పల్లెలో పుట్టినవాణ్ణి. హైస్కూల్లో పిల్లలకు సైన్సు చెప్పి రిటైరయ్యాను. మా రోజుల్లో నీళ్ళంటే ఇంత నిర్లక్ష్యం లేదు. ఎండాకాలం ఏటి ఇసుకలో చెలమ తీస్తే మూరెడు లోతులో నీళ్ళు ఊరేవి. ఆడవాళ్ళు చిన్న చెంబుతో తేరిన నీళ్ళు ముంచి, గుడ్డ కట్టిన కడవలో పోసుకునేవాళ్ళు. పొలాల్లో కపిల బావులు, ఊళ్ళో గిలక బావులు ఉండేవి. ముప్పై నలభై అడుగులు దాటి తవ్విన బావి అరుదు. బావిలోకి తొంగి చూస్తే నీళ్ళు కనపడేవి, నీళ్ళలో చేపలు కనపడేవి. ఏ దిక్కు నుంచి ఊట వస్తుందో, ఏ నెలలో ఎన్ని మెట్లు తగ్గుతుందో పెద్దవాళ్ళకు నోటికి వచ్చేది.

ఏ బావి నీళ్ళు దేనికి పనికొస్తాయో మా అవ్వకు తెలుసు. ఒక బావి నీళ్ళతో కందిపప్పు చిటికెలో ఉడికేది. ఇంకో బావి నీళ్ళతో ఎంత మంట పెట్టినా పప్పు గింజ గింజగానే ఉండేది, సబ్బు నురగ కట్టేది కాదు. ఆ రెండో బావి నీళ్ళు గొడ్లకూ తోటకూ వాడేవాళ్ళు. అందులో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువని నేను తర్వాత చదువుకున్నాను. అవ్వకు ఆ పేర్లు తెలియవు గానీ నీటిని పరీక్ష చేయాలని తెలుసు. వానాకాలం బురద నీళ్ళు వస్తే కడవ లోపల చిల్లగింజ అరగదీసి తేర్చేది. ఏటా ఎండలు ముదిరాక ఊరంతా కలిసి బావి తోడించేది. మగవాళ్ళు దిగి పూడిక ఎత్తి, గోడల్లో మొలిచిన చెట్లు పీకి, సున్నం చల్లి పైకొచ్చేవాళ్ళు. బడిలో నేను పాఠం చెప్పేటప్పుడు పిల్లలందరినీ తలా ఒక సీసా ఇంటి నీళ్ళు తెమ్మనేవాణ్ణి. సబ్బు ద్రావణం చుక్కలు లెక్కపెట్టి ఎవరింటి నీళ్ళు ఎంత కఠినమో పలక మీద రాసేవాళ్ళం. ఆ సాయంత్రం ప్రతి ఇంట్లో దాని మీదే మాట నడిచేది.

అంతమాత్రాన మా రోజుల్లో అన్నీ బంగారమని నేననను. కలరా వచ్చి ఇళ్ళకు ఇళ్ళు ఖాళీ అయిన సంగతి మా పెద్దలు చెప్పారు. దిగుడుబావుల్లో కాళ్ళు పెట్టి దిగి నీళ్ళు ముంచుకోవడం వల్ల రాయలసీమలో నారికురుపు పీడించింది. కాలి చర్మం చీల్చుకుని బారెడు పురుగు బయటికి వచ్చేది. అంతకన్నా పెద్ద మచ్చ ఇంకొకటుంది. ఊరి బావి అంటాం గానీ అది ఊరందరిదీ కాదు. దళితవాడ ఆడవాళ్ళు ఎవరైనా చేది పోస్తారేమోనని గట్టు కింద కడవ పట్టుకుని నిలబడడం నేను కళ్ళారా చూశాను. ఆ పాపం ఎన్ని మంచి మాటలు చెప్పినా చెరగదు. ఇవన్నీ పోవాల్సినవే. నారికురుపు దేశంలో పూర్తిగా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లో ధ్రువీకరించింది. ఊరూరా ప్రతి నీటి వనరునూ వెతికి, లెక్క రాసి, దిగుడుబావుల్ని చేదబావులుగా మార్చి, నీళ్ళు వడకట్టుకోవడం నేర్పితే ఆ రోగం పోయింది. నీటిని పట్టించుకున్న తరం సాధించిన పని అది.

ఆ పట్టింపు ఎక్కడ పోయింది? బోరుతో పోయింది. బావిలోకి తొంగి చూడొచ్చు. ఆరున్నర అంగుళాల గొట్టంలోకి ఏం చూస్తాం? బావిని పదిమంది చూసుకునేవాళ్ళు. ఇప్పుడు ఎవరి బోరు వారిది, ఎవరి మోటారు వారిది, మీట నొక్కితే నీళ్ళు. మొదట 150 అడుగుల్లో పడిన నీళ్ళు 300కు దిగాయి. పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో 1,000 అడుగులు దాటి వేస్తున్నారు. రిగ్గు వచ్చే ముందు టెంకాయ అరచేతిలో పెట్టుకుని పొలమంతా తిరుగుతారు, పూజ చేస్తారు, అప్పు చేసి లక్షలు పోస్తారు. నీళ్ళు పైకి చిమ్మగానే అందరూ సంబరపడతారు. ఆ నీళ్ళు ఒక సీసాలో పట్టి ల్యాబుకు పంపుదామన్న మాట ఎవరి నోటా రాదు.

లోతు పెరిగే కొద్దీ నీటి గుణం మారుతుందని పిల్లలకు చెప్పేవాణ్ణి, ఇప్పుడు పెద్దలకు చెబుతున్నాను. మన చిత్తూరు నేల కింద ఉన్నది గ్రానైటు, దాని జాతి రాళ్ళు. ఆ రాతిలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలుంటాయి. పై బావి నీళ్ళు ఏటా వానతో కొత్తవయ్యేవి. లోతున రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచిన నీళ్ళు రాతిని కొంచెం కొంచెంగా కరిగించుకుంటాయి. సోడా గుణం ఎక్కువై, కాల్షియం తగ్గిన నీళ్ళలో ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువ కరుగుతుంది. అలాంటి నీళ్ళు నాలుకకు మెత్తగా, తియ్యగా తగులుతాయి. "నీళ్ళు తియ్యగా ఉండాయి గదా సార్, ఇంకేం చూడాల?" అని నన్ను అడిగేవాళ్ళకు నా జవాబు ఇదే. ఫ్లోరైడ్‌కు రుచి లేదు. నైట్రేట్‌కు వాసన లేదు. సీసానికి రంగు లేదు. అవ్వ పప్పు పరీక్ష కాఠిన్యాన్ని పట్టిస్తుంది, ఈ మూడింటినీ పట్టించలేదు. వీటికి ల్యాబు కావాలి.

మన తెలుగునేలకు ఇది తెలియని విషయం కాదు. నీటిలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల జబ్బును మన దేశంలో మొట్టమొదట 1937లో వైద్యులు రాసిపెట్టింది పాత నెల్లూరు జిల్లా పల్లెల గురించే. దర్శి, కనిగిరి వైపున్న ఆ ప్రాంతం తర్వాత ప్రకాశం జిల్లాలో చేరింది. నల్లగొండలో వంకర తిరిగిన కాళ్ళతో, వంగిన వెన్నుతో బతికినవాళ్ళను దేశమంతా చూసింది. మన పడమటి మండలాల్లోనూ పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలు చూసినవాళ్ళున్నారు. ఎనిమిదేళ్ళలోపు తాగిన నీళ్ళు ఆ చారలుగా బయటపడతాయి. ఒకసారి పడిన చార తోమితే పోదు.

భారతీయ ప్రమాణాల సంస్థ తాగే నీటికి హద్దులు రాసిపెట్టింది. ఐఎస్ 10500 అనే ఆ పట్టికను 2012లో సవరించారు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీళ్ళు దొరక్కపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. నైట్రేట్ 45 మిల్లీగ్రాములు దాటకూడదు, అందులో సడలింపు లేదు. సీసం 0.01 దాటకూడదు. కేంద్ర భూగర్భ జల మండలి 2024 నివేదిక ప్రకారం దేశమంతటా తీసిన నమూనాల్లో దాదాపు 20 శాతం నైట్రేట్ హద్దును, 9 శాతం ఫ్లోరైడ్ హద్దును దాటాయి. అయిదు బావుల్లో ఒకటి లెక్కన అనుకోండి. మీ ఇంటి బోరు మిగిలిన నాలుగింటిలో ఉందని మీకెవరు చెప్పారు?

పరీక్ష అనగానే ఇప్పటి పిల్లలు జేబులోంచి ఒక పెన్ను లాంటిది తీస్తారు. అది నీటిలో ముంచితే అంకె చూపిస్తుంది. టీడీఎస్ మీటరు. నీటిలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతున్నాయో అది అందాజుగా చెబుతుంది. ఆ లవణాల్లో ఫ్లోరైడ్ ఎంత, నైట్రేట్ ఎంత అని విడదీసి చెప్పదు. టీడీఎస్ 400 ఉన్న నీళ్ళలో ఫ్లోరైడ్ హద్దు దాటి ఉండవచ్చు, 900 ఉన్న నీళ్ళలో హద్దులోపే ఉండవచ్చు. అంతకన్నా ఘోరం ఇంటింటికీ తిరిగి యంత్రాలు అమ్మేవాళ్ళు చేసే పని. మన నీళ్ళ గ్లాసులో రెండు లోహపు కడ్డీలు పెట్టి కరెంటు ఇస్తారు. నిమిషంలో నీళ్ళు ఎర్రగా, మడ్డిగా మారిపోతాయి. పక్కన వాళ్ళ యంత్రం నీళ్ళ గ్లాసు తేటగా ఉంటుంది. ఇంటి ఆడవాళ్ళు భయపడి వేలకు వేలు కట్టేస్తారు. ఆ మడ్డి నీళ్ళలోంచి రాలేదు, కడ్డీలోని ఇనుము కరిగి వచ్చింది. లవణాలున్న నీటిలో కరెంటు పారుతుంది, లవణాలు తీసేసిన నీటిలో దాదాపు పారదు. పదో తరగతి పాఠమిది. దీన్ని అడ్డం పెట్టుకుని జనాన్ని మోసం చేస్తుంటే చదువుకున్నవాళ్ళు కూడా నమ్ముతున్నారు.

ఇంకొందరు నీళ్ళు కాచుకుని తాగుతున్నాం, మాకేం భయం అంటారు. కాచితే క్రిములు చస్తాయి, నిజమే. ఫ్లోరైడ్, నైట్రేట్, సీసం మాత్రం ఆవిరై పోవు. నీళ్ళు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలిన నీటిలో అవి చిక్కబడతాయి. పసిబిడ్డ పాలలో కలపడానికి బోరు నీళ్ళను పదే పదే మరిగించే తల్లులకు ఈ సంగతి ఎవరు చెప్పాలి? నైట్రేట్ ఎక్కువైన నీళ్ళు పసికందుల రక్తానికి ప్రాణవాయువు మోసే శక్తిని తగ్గిస్తాయి, బిడ్డ నీలంగా మారుతుంది. ఆ నైట్రేట్ వచ్చేది చాలావరకు మనవల్లే. పొలాల్లో యూరియా, పశువుల దొడ్లు, ఇళ్ళ సెప్టిక్ ట్యాంకులు దానికి మూలం. మా రోజుల్లో దొడ్డి ఊరికి ఒక పక్కన, బావి ఇంకో పక్కన ఉండేవి. ఇప్పుడు రెండు సెంట్ల స్థలంలో ముందు బోరు, వెనక సెప్టిక్ ట్యాంకు, పక్కింటివాళ్ళ ట్యాంకు మన గోడకు ఆనుకుని ఉంటున్నాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు వరదలో మునిగినప్పుడు ఆ మురుగూ ఆ బోర్లూ ఒకటయ్యాయి. నీళ్ళు తీసేశాక ఇల్లు కడుక్కున్నారు, బండ్లు బాగు చేయించుకున్నారు. నీటి పరీక్ష చేయించుకున్నవాళ్ళు ఎంతమంది?

కర్మాగారాల సంగతి వేరే చెప్పాలి. పరిశ్రమలు రావద్దని నేననను, మా ఊరి పిల్లలు వాటిలోనే పనిచేస్తున్నారు. కానీ పక్కనే ఉన్న పాలారు కథ మనం మరిచిపోకూడదు. మన కుప్పం మీదుగా తమిళనాడులోకి పోయే ఏరే అది. వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట వైపు తోళ్ళ శుద్ధి కర్మాగారాల మురుగు దాని నేలలోకి ఇంకింది. బావులు ఉప్పగా, తాగడానికి పనికిరాకుండా పోయాయి. తోళ్ళ పనిలో వాడే క్రోమియం నేలలోకి చేరింది. వేలూరు పౌరుల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 ఆగస్టు 28న తీర్పు చెప్పింది. పాడు చేసినవాడే బాగు చేసే ఖర్చు భరించాలన్న సూత్రాన్ని మన దేశ చట్టంలో భాగమని చెప్పిన తీర్పు అది. తీర్పు వచ్చింది గానీ, పాడైన బావి తీర్పుతో బాగుపడలేదు.

మన దగ్గరా 2021 ఏప్రిల్ చివర కరకంబాడి, నూనెగుండ్లపల్లిలోని అమరరాజా బ్యాటరీ కర్మాగారాలకు కాలుష్య నియంత్రణ మండలి మూసివేత ఉత్తర్వులిచ్చింది. కారణం సీసమని చెప్పింది. సంస్థ హైకోర్టుకు వెళ్ళి ఆ ఉత్తర్వుల అమలును ఆపించుకుంది. వాళ్ళ వాదం వాళ్ళది, వీళ్ళ వాదం వీళ్ళది, కోర్టులున్నాయి. నేనడిగేది చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళ గురించి. ఏ కర్మాగారమైనా రాకముందు మా బావిలో సీసం ఇంత ఉండేది అని చూపించగల కాగితం ఎన్ని ఇళ్ళల్లో ఉంది? ముందరి లెక్క లేనప్పుడు తర్వాతి లెక్కను దేనితో పోలుస్తారు? కాగితం ఉంటే రైతుకు న్యాయం దొరుకుతుంది, కర్మాగారానికి తప్పు లేకపోతే దానికీ అపనింద తప్పుతుంది. శ్రీసిటీ, మేనకూరు, గాజులమండ్యం, ఏర్పేడు చుట్టూ ఉన్న ప్రతి పల్లెకూ ఈ మాట వర్తిస్తుంది. జబ్బు వచ్చాక వెతకడం ఎంత కష్టమో 2020 డిసెంబరులో ఏలూరు చూపించింది. వందల మంది మూర్ఛలొచ్చి పడిపోయారు. రక్తంలో సీసం, నికెల్ కనపడ్డాయన్నారు, నీళ్ళా పాలా కూరగాయలా అని పెద్ద పెద్ద సంస్థలు దిగి వెతకాల్సి వచ్చింది, చివరికి పురుగుమందుల మీదికి అనుమానం పోయింది. నెలనెలా లెక్క రాసుకున్న ఊళ్ళో ఆ వెతుకులాట ఇంత గుడ్డిగా సాగదు.

బంగ్లాదేశ్ కథ కూడా మన బోర్ల కథే. చెరువు నీళ్ళలో క్రిములున్నాయని 1970ల నుంచి ఊరూరా చేతిపంపులు వేశారు. మంచి ఉద్దేశమే. ఆ పంపుల నీళ్ళలో ఆర్సెనిక్ ఉందని 1990ల్లో తేలింది. అప్పటికి ఎంతోమంది ఏళ్ళ తరబడి ఆ నీళ్ళు తాగేశారు. ఆ తర్వాత ఆ పేద దేశం చేసిన పని చూడండి. 2000 తర్వాత కొద్ది ఏళ్ళలోనే దాదాపు 50 లక్షల పంపుల్ని పరీక్ష చేసి, చెడ్డ పంపుకు ఎర్రరంగు, మంచి పంపుకు పచ్చరంగు పూశారు. చదువు రాని మనిషి కూడా ఏ పంపు కొట్టాలో తెలుసుకోగలిగాడు. వాళ్ళకు సాధ్యమైంది మనకెందుకు సాధ్యం కాదు?

మా మేనల్లుడు అమెరికాలో న్యూజెర్సీలో ఉన్నాడు. అక్కడ మన తెలుగువాళ్ళు బోలెడుమంది. ఆ రాష్ట్రంలో 2001లో ఒక చట్టం చేశారు, 2002 నుంచి అమలవుతోంది. సొంత బావి ఉన్న ఇల్లు అమ్మాలంటే ముందు నీళ్ళు పరీక్ష చేయించాలి. ఆ ఫలితం అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ ఇద్దరూ చూడకుండా అమ్మకం పూర్తి కాదు. అద్దెకిచ్చేవాళ్ళు అయిదేళ్ళకొకసారి చేయించి అద్దెవాళ్ళకు కాపీ ఇవ్వాలి. మన పిల్లలు అక్కడ ఆ కాగితం చూసుకుని ఇల్లు కొంటున్నారు. ఆ పిల్లలే తిరుపతిలో అమ్మానాన్నల కోసం ఇల్లు కొనేటప్పుడు ఆ కాగితం ఎందుకు అడగరు? మనకు 2002లోనే నీరు, భూమి, చెట్ల రక్షణకు వాల్టా చట్టం వచ్చింది. బోరు వేయడానికి అనుమతి, రిగ్గుకు రిజిస్ట్రేషన్, బోరుకూ బోరుకూ మధ్య దూరం అన్నీ అందులో ఉన్నాయి. నీళ్ళు ఎంత తోడుతున్నామన్న దిగులు ఉంది. ఏం తాగుతున్నామన్న దిగులు కూడా ఉండాలి. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీతో పాటు నీటి పరీక్ష కాగితం కూడా పెట్టాలని మన శాసనసభ్యుల్ని అడగాలి.

చట్టం వచ్చేదాకా ఆగాల్సిన పనిలేదు. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులు కొద్దిపాటి రుసుముకు మామూలు జనం తెచ్చిన నీళ్ళు కూడా పరీక్ష చేయాలని నిర్ణయించారు. ఊరికి అయిదుగురు ఆడవాళ్ళకు కిట్టుతో పరీక్ష నేర్పాలన్నది కూడా ఆ పథకంలో ఉంది. ఆ కిట్టులో ఫ్లోరైడ్ మందు చుక్కలు వేసినప్పుడు గులాబీ రంగు పసుపులోకి తిరిగినకొద్దీ ఫ్లోరైడ్ ఎక్కువన్నమాట. మీ ఊళ్ళో ఆ కిట్టు ఎవరి దగ్గరుందో పంచాయతీలో అడగండి. అలమరలో ఉంటే బయటికి తీయించండి.

నీళ్ళు పట్టడంలో కూడా పద్ధతి ఉంది. మోటారు వేసి పది నిమిషాలు వదిలేయండి, గొట్టంలో నిలవ ఉన్న నీళ్ళు పోవాలి. మేడ మీది ట్యాంకు నుంచి కాకుండా బోరు నుంచి నేరుగా వచ్చే చోట పట్టండి. ఆర్వో యంత్రం దాటిన నీళ్ళు పట్టుకుపోయి మా బోరు బాగుందనుకోకండి. కూల్‌డ్రింకు సీసా పనికిరాదు. క్రిముల పరీక్షకు ల్యాబువాళ్ళే శుద్ధి చేసిన సీసా ఇస్తారు, దాన్ని చల్లగా ఉంచి అదే రోజు అందించాలి. సీసం, క్రోమియం లాంటి వాటికి వేరే సీసా. అందులో కొంచెం ఆమ్లం వేస్తారు, లేకపోతే లోహం సీసా గోడకు అంటుకుని లెక్క తక్కువ చూపిస్తుంది. కర్మాగారం దగ్గరుంటే లోహాలు, మామిడి తోటల మధ్య ఉంటే పురుగుమందులు కూడా చూడమని నోరు తెరిచి అడగాలి. అడగకపోతే వాళ్ళు మామూలు పట్టికే చూస్తారు. నడివేసవిలో ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి చేయించండి. కాగితం మీద తారీఖు, బోరు లోతు రాసి ఇంటి పత్రాలతో కలిపి దాచండి.

ఫలితం చెడ్డగా వస్తే భయపడి దాచిపెట్టకండి. ఇంటి ధర పడిపోతుందని కాగితం చింపేసేవాళ్ళున్నారు, అది పక్కింటి బిడ్డకు చేసే ద్రోహం. మీ బోరు, వాళ్ళ బోరు ఒకే రాతి పగులులోంచి తాగుతూ ఉండవచ్చు. ఫ్లోరైడ్‌కు, నైట్రేట్‌కు విరుగుడు పద్ధతులున్నాయి, వాననీళ్ళు పట్టుకునే మార్గముంది, కల్యాణి డ్యాం నీళ్ళో తెలుగుగంగ నీళ్ళో వచ్చే కుళాయి కోసం కొట్లాడే హక్కుంది. ఏది వాడాలన్నా ముందు నీటిలో ఏముందో తెలియాలి. వీధికి పది ఇళ్ళవాళ్ళు కలిసి ఒకే రోజు సీసాలు పట్టండి. ఫలితాలు పంచాయతీ బోర్డు మీద అందరికీ కనపడేలా అంటించమనండి. మా తరం బావి తోడించడానికి ఊరంతా ఒకచోట చేరేది. మీరు పది సీసాలు ల్యాబుకు పంపడానికి చేరండి చాలు. వచ్చే వేసవిదాకా వాయిదా వేయకండి, ఈ నెలలోనే పంపండి.